అత్తగారి గ్రీజు

నోరున్న మనుషులు లోకంలో చాలామందే ఉంటారు గానీ, ఆ రేవులో అత్తగారి నోరే వేరు. పడవ ఇంకా ఏటిపాయ మధ్యలో ఉండగానే ఆవిడ గొంతు ఒడ్డుకు చేరిపోతుందని టికెట్లు చింపే ఆయన అనేవాడు. జనం ఆవిడకు గాలివాన అని పేరు పెట్టుకున్నారు. చాటుగానే పెట్టుకున్నారు లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? ఒడ్డుకూ దీవికీ మధ్య బడిపిల్లల్నీ, కూరగాయల బుట్టల్నీ, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళనీ ఏళ్ళ తరబడి దాటించిన మనిషి ఆవిడ. ఆవిడ చేత తిట్లు తినని మగాడు గానీ, ఆడది గానీ, కుక్క గానీ ఆ గట్టు మీద లేదు.

ఒక్కడు మాత్రం మిగిలాడు. అల్లుడు.

అల్లుణ్ణి తిట్టకూడదు. ఆవిడ తనకు తాను పెట్టుకున్న నియమం అదొక్కటే. అతను ఇంటికొస్తే చాలు, గాలివాన కాస్తా చిరుగాలి అయిపోయేది. "అల్లుడుగారూ, ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతోంది, ఇందులో కూర్చోండి." "అల్లుడుగారూ, ఫ్యాను గాలి తగులుతోందా?" మరి లోపల ఉబికే తిట్లన్నీ ఎక్కడికి పోవాలి? పక్కదారి పట్టేవి. అతను తడికాళ్ళతో గదిలోకి వస్తే కూతురికి పడేవి. పొద్దెక్కాక నిద్ర లేస్తే గోడ గడియారానికి పడేవి. పాపం, ఆ గడియారం ఎన్ని మాటలు పడిందో.

అల్లుడూ తక్కువ తినలేదు. "అలాగే అత్తయ్యగారూ" అన్న ముక్క తప్ప అతని నోట ఇంకో మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కూర ఉప్పు కషాయమైనా అలాగే, పక్కలో నల్లులు కుట్టినా అలాగే. అతని ఉద్యోగం ఎత్తయిన మేడల్లో లిఫ్టులు బాగుచేయడం. చీకటి గొయ్యిలాంటి లిఫ్టు దారిలో తాడుకు వేలాడుతూ ఈల వేసుకునే మనిషి, మోకాలి లోతు నీళ్ళు చూస్తే మాత్రం వణికిపోయేవాడు. పడవల అత్తగారికి నీళ్ళంటే భయపడే అల్లుడు దొరికాడేమిటా అని రేవంతా నవ్వుకుంది.

ఈసారి సెలవు పెట్టి భార్యతో వచ్చేసరికి ఆ ఇంట్లో నవ్వులు లేవు. అత్తగారు వంటింట్లో గిన్నెల్ని తిడుతోంది. గిన్నెల్ని తిడుతోందంటే విషయం చాలా దూరం వెళ్ళిందన్నమాట.

"ఏమైంది?" అని భార్యను గుసగుసగా అడిగాడు.

"మోటారు స్టార్టవడం లేదండి. తాళం తిప్పితే టక్ అంటుంది, అంతే. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. రేపే రేవు అధికారి పరీక్ష."

ఆ పరీక్ష సంగతి అతనికి కొంత తెలుసు. అత్తగారి కుడి భుజం కీలు అరిగిపోయింది. మోటారుకున్న తాడు లాగి స్టార్ట్ చేయడం ఇక కుదరదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. తాళంతో స్టార్టయ్యే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది గానీ, ఇప్పుడిక అదొక్కటే దిక్కు. కానీ రేవు ఆఫీసు కొత్త నియమం ఒకటి తెచ్చింది. జనాన్ని ఎక్కించుకునే పడవను నడిపేవాళ్ళు, ఇంకొకరి చెయ్యి తగలకుండా తమంతట తామే మోటారు స్టార్ట్ చేసి చూపాలి. చూపలేకపోతే రేవు దాటించే హక్కు, అదే వాళ్ళ వంతు, వేరే పడవకు పోతుంది. ఒకసారి పోయిన వంతు మళ్ళీ రావడం కల్ల.

"ఇద్దరు మెకానిక్కులు వచ్చి వెళ్ళారు," అంది భార్య. "ఒకాయన బ్యాటరీ మార్చాడు, అప్పటికి స్టార్టయి మర్నాటికి మళ్ళీ మొరాయించింది. ఇంకొకాయన స్టార్టింగు మోటారే పోయిందన్నాడు, తెప్పించడానికి చాలా రోజులు పడుతుందట. మీరు ఒకసారి చూడొచ్చు కదా."

"అది పడవే, లిఫ్టు కాదు."

"కరెంటు కరెంటే కదండీ. నీళ్ళలో అయితేనేం, మేడలో అయితేనేం?"

రాత్రి పడుకునే ముందు అత్తగారు వరండా గుమ్మంలో నిలబడి పాయ వైపు చూస్తూ ఉండడం కనిపించింది. వీపు మాత్రమే కనిపించింది గానీ, ఆ వీపు చూస్తేనే అతని మనసు కలుక్కుమంది. ఆ మనిషిని ఒడ్డున కూర్చోబెడితే ఏమైపోతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

పొద్దున్నే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని రేవుకు బయల్దేరాడు. అత్తగారు వెనకే పరుగెత్తుకొచ్చింది.

"అయ్యయ్యో, మీరెందుకండీ అల్లుడుగారూ, చేతులకు జిడ్డవుతుంది. ఇంటికొచ్చిన అల్లుడి చేత పని చేయించుకుందని నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు."

"పర్లేదత్తయ్యగారూ, ఊరికే చూస్తాను."

పడవలో కాలు పెట్టడానికే అతనికి తల ప్రాణం తోకకు వచ్చింది. పడవ ఊగినప్పుడల్లా కళ్ళు మూసుకుని, బల్ల పట్టుకుని, ఎలాగో వెనక్కి చేరాడు. అక్కడ కూర్చుని మోటారు పైమూత తీశాక మాత్రం భయం మరిచిపోయాడు. తీగలు కనబడితే అతనికి సొంతింటికి వచ్చినట్టే.

"తాళం తిప్పండత్తయ్యగారూ."

టక్.

"చూశారా? అంతే అంటుంది. వెధవది, తిండి దండగ," అంది అత్తగారు. అంటూనే నాలుక కరుచుకుంది. "మిమ్మల్ని కాదండోయ్, మోటారుని."

అల్లుడు తలూపి పనిలో పడ్డాడు. టక్ అంటోందంటే తాళం బాగానే ఉంది, గేరు న్యూట్రల్‌లోనే ఉంది, ఫ్యూజు కాలిపోలేదు. లిఫ్టు తలుపు సరిగా పడకపోతే బటన్ నొక్కినా కదలదు, టక్ అని కూడా అనదు. ఇది అంటోంది. అంటే చిన్న కరెంటు వెళ్తోంది, మోటారును తిప్పాల్సిన పెద్ద కరెంటు మాత్రం దారిలో ఎక్కడో ఆగిపోతోంది. మీటరు తీసి బ్యాటరీ చూశాడు. నిండుగా ఉంది. అప్పుడు మీటరు తీగల మొనల్లో ఒకటి బ్యాటరీ పైకి పొడుచుకొచ్చిన కొమ్ము మీద, ఇంకొకటి ఆ కొమ్ముకే బిగించిన తీగ చివర మీద పెట్టి, మళ్ళీ తాళం తిప్పమన్నాడు. అంటుకుని ఉన్న రెండు లోహపు ముక్కల మధ్య తేడా ఏమీ ఉండకూడదు. మీటరు ముల్లు మాత్రం గభాలున లేచింది. బ్యాటరీ బలమంతా ఆ వెంట్రుకవాసి సందులోనే ఆవిరైపోతోంది.

నట్టు మీద వేలు పెట్టాడు. రెండు వేళ్ళతో తిప్పితే ఊడి వచ్చింది. ఎర్ర తీగ పైకెత్తి చూస్తే కింద పచ్చటి గ్రీజు, దట్టంగా పట్టించి ఉంది. నల్ల తీగ దగ్గరా అదే కథ.

"గ్రీజు..." అని మొదలుపెట్టాడు.

"నేనే రాశాను," అంది అత్తగారు గర్వంగా. "ఉప్పుగాలి తగలకుండా. తీగ పెట్టే ముందు కొమ్ముకు దట్టంగా పట్టించాలి, ఆ తర్వాత బిగించాలి. ఈ కిటుకు ఆ మెకానిక్కులకు తెలియదు. కొత్త బ్యాటరీ పొడిపొడిగా పెట్టి పోతే, నేనే మళ్ళీ విప్పి రాశాను. నేను పడవ ఎక్కిన నాటి నుంచీ ఇలాగే రాస్తున్నాను. ఒక్కరోజు మొరాయించింది లేదు."

అల్లుడికి అంతా అర్థమైంది. ఇన్నేళ్ళూ మొరాయించలేదంటే ఆ గ్రీజు మంచిదని కాదు, ఆ చెయ్యి గట్టిదని. ఆవిడ బిగిస్తే గ్రీజంతా పక్కలకు పిండుకుపోయి లోహానికి లోహం తగిలేది. ఇప్పుడు భుజం పోయింది. నట్టు గ్రీజు మీదే తేలుతోంది. బిగించానని ఆవిడ అనుకుంటోంది, అంతే.

ఈ మాట ఎలా చెప్పాలి? మీ చేతిలో బలం తగ్గిందని, ఆ చేతికే పరీక్ష ఉన్న రోజున, ఆ మనిషికే, అల్లుడై ఉండి ఎలా చెప్పాలి?

"ఏదో... కాస్త ఉప్పు చేరిందత్తయ్యగారూ. తుడిచేస్తే సరిపోతుంది."

తుడిచేశాడు. గరుకు కాగితంతో కొమ్ములు తళతళలాడేలా రుద్ది, సంచీలోంచి పొడుగు పిడి స్పానరు తీసి బిగించాడు. "ఇప్పుడు తిప్పండి."

మోటారు బుర్రుమంది. అత్తగారి మొహం వెలిగిపోయింది. గట్టు మీదున్న టికెట్లాయనను కేకేసి మరీ చెప్పింది, "మా అల్లుడుగారు లిఫ్టు ఇంజినీరు. చిటికెలో పట్టేశారు. ఉప్పు చేరిందట, ఉప్పు." అల్లుడు సిగ్గుతో నేల చూశాడు, నేల లేదు కాబట్టి నీళ్ళు చూశాడు, కళ్ళు తిరిగి మళ్ళీ బల్ల పట్టుకున్నాడు.

పరీక్ష అయిపోనీ, ఆ తర్వాత మెల్లగా భార్య చేత చెప్పిద్దాం అనుకున్నాడు. తప్పించుకోవడానికి మనసు ఎంత మంచి దారులు చూపిస్తుందో.

మధ్యాహ్నం అత్తగారు కొసరి కొసరి వడ్డించింది. కడుపు నిండా తిని అతను ఒక కునుకు తీశాడు. లేచేసరికి ఆవిడ ఇంట్లో లేదు. అప్పటికే రేవుకు వెళ్ళిపోయింది.

భార్యాభర్తలు గట్టు చేరేసరికి అక్కడ జనం మూగి ఉన్నారు. రేవు అధికారి టోపీ సర్దుకుంటూ ఒక్కో పడవా చూసుకుంటూ వస్తున్నాడు. అత్తగారు తన పడవలో రాణిలా నిలబడి ఉంది. ఉతికిన బట్టలు, నున్నగా దువ్విన తల. అల్లుణ్ణి చూసి చెయ్యూపింది. ఆ చేతివేళ్ళ మీద ఏదో పచ్చగా మెరిసింది.

అల్లుడు అక్కడే ఆగి ఆ వేళ్ళు మళ్ళీ చూశాడు.

గ్రీజు. మళ్ళీ రాసింది. ఉప్పు చేరిందని చెప్పింది తనే కదా. జాగ్రత్త గల మనిషి ఏం చేస్తుంది? విప్పి, ఇంకా దట్టంగా రాసి, తన చేత్తో బిగిస్తుంది. పరుగెత్తి చెబుదామని అడుగు వేశాడు గానీ, అప్పటికే అధికారి పడవ ముందు నిలబడ్డాడు.

"కానీయండమ్మా."

అత్తగారు తాళం తిప్పింది.

టక్.

"ఇంకోసారి," అన్నాడు అధికారి. టక్. అత్తగారి మొహం పాలిపోయింది. ఎవరో వెనక నుంచి తాడు లాగమని అరిచారు. ఆవిడ చెయ్యి అటు వెళ్ళింది కూడా. భుజం దాకా లేచేసరికి పళ్ళు బిగబట్టింది.

"వద్దమ్మా," అన్నాడు అధికారి. మంచివాడే, గొంతు పెంచలేదు. "తాళంతోనే కావాలి. పాయ మధ్యలో ఆగితే మీ పక్కన ఎవరుంటారు చెప్పండి? నేను ఆ చివరి పడవ చూసి వస్తాను. ఈలోగా సరిచేసుకోండి. ఇంకొకరి చెయ్యి మాత్రం పడకూడదు. నేను వచ్చేసరికి స్టార్టవకపోతే నేను చేయగలిగిందేమీ లేదు."

అధికారి వెళ్ళాడు. అత్తగారు గట్టు మీదికి చూసింది. అల్లుడి కోసమే చూసింది.

"అల్లుడుగారూ," అంది. ఆ గొంతులో గాలివాన లేదు. "మళ్ళీ ఉప్పు చేరిందంటారా? ఇంతలోనేనా?"

ఆ నమ్మకం చూసి అల్లుడికి ఏడుపొచ్చినంత పనైంది. చుట్టూ ఊరంతా ఉంది. పక్కన భార్య ఉంది. చెప్పకపోతే పడవ పోతుంది.

"ఉప్పు కాదత్తయ్యగారూ. గ్రీజు."

"గ్రీజా?"

"తీగ కింద గ్రీజుంటే కరెంటుకు దారి ఉండదు. పొడిగా బిగించాలి, ఆ తర్వాత పైన రాయాలి. మీరు ముందు రాస్తున్నారు."

"ఇన్నేళ్ళూ అలాగే..."

"ఇన్నేళ్ళూ మీ చెయ్యి గట్టిది. బిగిస్తే గ్రీజు పక్కకు పోయేది. ఇప్పుడు పోవడం లేదు." అతను ఆగాడు. ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి గబగబా అనేశాడు. "మీ భుజంలో ఇదివరకటి బలం లేదత్తయ్యా. నట్టు బిగియడం లేదు. పొద్దునే చూశాను. చెప్పలేక ఉప్పని అబద్ధం చెప్పాను."

అత్తగారు అల్లుడి వంక చూస్తూ ఉండిపోయింది. దెబ్బ తగిలింది, అది ఆవిడ కళ్ళలోనే కనిపించింది. ఆ తర్వాత ఆ కళ్ళు ఎర్రబడ్డాయి. టికెట్లాయన అనుభవం మీద రెండడుగులు వెనక్కి వేశాడు.

"పొద్దునే తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి నోరు మూసుకున్నావా? ఒరేయ్, బుద్ధుందా నీకు అసలు? మర్యాదట, మర్యాద. నీ మర్యాద మండిపోనూ. నా పడవ పోయాక నీ మర్యాదకు చుక్కాని కట్టి నడుపుకోనా నేను? అన్నం తినేటప్పుడు చెప్పడానికి నోరు లేదూ? కునుకు తీసే ముందు చెప్పడానికి నోరు లేదూ? నా చెయ్యి ముసలిదైందని నాకు తెలియదనుకున్నావా? రాత్రి పక్క మీద ఒత్తిగిల్లినప్పుడల్లా తెలుస్తోంది నాకు. నువ్వు దాచిపెడితే ఆగుతుందట్రా అది?"

ఏళ్ళ బాకీ మొత్తం ఒక్కసారి తీరుతున్నట్టుంది. కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. చిత్రమేమిటంటే, అల్లుడికి కోపం రాలేదు. అతనికీ గొంతు లేచింది.

"తిట్టడం తర్వాత. ముందు నట్టు విప్పండి. ఆయన వచ్చేస్తున్నాడు."

అంతే. గాలివాన ఠక్కున ఆగింది. తన మీద కేక వేసిన మనిషిని ఒక క్షణం ఎగాదిగా చూసి, ఆవిడ వంగి బ్యాటరీ మూత తీసింది. అల్లుడు సంచీ తీసుకుని గట్టు అంచు దాకా వచ్చాడు. అక్కడి నుంచి అధికారికి వినపడేలా అరిచాడు, "సార్, పనిముట్టు అందించొచ్చా?"

"పనిముట్టు ఎవరిదైనా ఫర్వాలేదు. చెయ్యి ఆవిడదే కావాలి," అని అటు నుంచి జవాబొచ్చింది.

పొడుగు పిడి స్పానరు పడవలోకి దించాడు. "గుడ్డతో తుడవండి. ఇంకా. సందులో కూడా. ఆ గరుకు కాగితం తీసుకోండి."

"రుద్దుతున్నాన్లేరా, తొందరపెట్టకు."

"మెరవాలి."

"మెరుస్తోంది. నీ బట్టతల కంటే బాగా మెరుస్తోంది."

జనం గొల్లుమన్నారు. అల్లుడు కూడా నవ్వాడు. "ఇప్పుడు తీగ పెట్టండి. స్పానరు ఎర్ర కొమ్ముకూ నల్ల కొమ్ముకూ ఒకేసారి తగలనివ్వకండి. దగ్గర కాదు, పిడి చివర పట్టుకోండి. ఎడమ చేత్తో. భుజంతో లాగొద్దు. ఒంటి బరువంతా దాని మీద వాల్చండి."

ఆవిడ వాలింది. స్పానరు కదిలింది. ఇంకాస్త వాలింది. కిర్రుమని చిన్న చప్పుడు చేసి నట్టు బిగిసింది. ఆవిడ తలెత్తి చూసింది. ఆ మొహంలో ఆశ్చర్యం చంటిపిల్ల మొహంలో ఉన్నట్టుంది. రెండో నట్టుకు చెప్పించుకోలేదు. తనే పిడి చివర పట్టుకుంది, తనే వాలింది. తీగను పట్టుకుని ఊపి చూసింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇప్పుడు పైన రాసుకోవచ్చా గ్రీజు?"

"ఇప్పుడు ఎంత కావాలంటే అంత రాసుకోండి."

అధికారి వచ్చి నిలబడ్డాడు. అత్తగారు చేతులు తుడుచుకుని తాళం పట్టుకుంది. అల్లుడి పక్కన భార్య అతని చొక్కా పట్టుకుని నలిపేస్తోంది.

మోటారు ఒక్క పెట్టున అందుకుంది. నీళ్ళు తెల్లగా చిమ్మాయి.

"ఆపి మళ్ళీ," అన్నాడు అధికారి. ఆపింది, మళ్ళీ తిప్పింది, మళ్ళీ అందుకుంది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ అంతే. పాయలో ఒక చుట్టు తిప్పించి, మధ్యలో ఆపించి, అక్కడ మళ్ళీ స్టార్ట్ చేయించాడు. తిరిగి గట్టు చేరాక టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

"మీ వంతు మీదేనమ్మా. రేపటి నుంచి మామూలుగా నడుపుకోండి," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "ఆ తిట్లు ఆ చివరిదాకా వినపడ్డాయి," అని కూడా అన్నాడు.

అత్తగారు పెట్రోలు డబ్బాలోకి తల వంచి ఏదో చూస్తున్నట్టు చాలాసేపు ఉండిపోయింది. డబ్బాలో చూడ్డానికేముంది? అల్లుడు మెల్లగా అంచు దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"భయమేసిందిరా," అంది ఆవిడ తలెత్తకుండానే. "ఇక ఒడ్డున కూర్చుని పక్కవాళ్ళ పడవలు లెక్కబెట్టుకోవాలేమో అనుకున్నాను. చెయ్యి పోతే పోయింది, పనే పోతుందనుకున్నాను."

"చెయ్యి బలం పిడిలో ఉంటుందిలెండి ఇక నుంచి. ఆ స్పానరు మీ దగ్గరే ఉంచుకోండి."

"ఉంచుకోక? అడుగుతాననుకున్నావా?" కళ్ళు తుడుచుకుంది. గ్రీజు చెంపకు అంటింది. "అక్కడ నిలబడి చూస్తావేరా గుడ్లప్పగించి? ఎక్కు. దీవి దాకా పోయొద్దాం."

అల్లుడు నీళ్ళ వైపు చూశాడు.

కూతురికి ఇక ఆగలేదు. "అమ్మా, ఏంటమ్మా అది, అందరి ముందూ అల్లుణ్ణి పట్టుకుని ఒరేయ్ అంటావు? రా, పో అంటావు?"

"నువ్వూరుకోవే. పొద్దున గారూ అన్నందుకే కదా ఇంత పనైంది," అంది అత్తగారు, అల్లుడికి ఎడమ చెయ్యి అందిస్తూ. "పట్టుకో. ఇది గట్టిదే."

అతను ఆ చెయ్యి పట్టుకుని పడవలోకి దిగాడు.